హోసే రిజాలు విదేశ విద్యాభ్యాసము

విద్యకొరకు సముద్రములు దాటి పోయినవారు అనేకులు కలరు. వారిలో కొందరు పట్టములు సంపాదించి స్వదేశమునకు వచ్చి సుఖముగా జీవింతురు. మరికొందరు పోయినచోటనే స్థిరపడుదురు. తాము చదివిన చదువు ఎవరి కష్టమువలన లభించినదో మరువక, ఆ ఋణము తీర్చుటకై ప్రాణములను సైతము ఒడ్డువారు మిక్కిలి అరుదు. ఫిలిప్పైను దేశీయుడగు హోసే రిజాలు అట్టివారిలో ఒకడు. తన దేశమును ఏలుచున్న స్పెయిను రాజధానికే పోయి, ఆ పాలకుల విశ్వవిద్యాలయముననే చదివి, ఆ చదువును తన జాతికి వెలుగుగా మార్చిన మహనీయుడాతడు.

ఆసియా ఖండమునకు ఆగ్నేయమున ఏడువేలకు పైబడిన దీవుల సముదాయమే ఫిలిప్పైను దేశము. స్పెయిను రాజగు రెండవ ఫిలిప్పు పేర దానికి ఆ నామము కలిగెను. 1565వ సంవత్సరము మొదలు మూడు శతాబ్దములకు పైగా ఆ దేశము స్పెయినువారి ఏలుబడిలో ఉండెను. మనీలా నగరమున గవర్నరు పరిపాలించుచుండెను గాని, గ్రామములలో క్రైస్తవ మఠములదే పెత్తనము. విస్తారమైన భూములు మఠముల వశమున ఉండెను. రైతులు వానిని కౌలునకు పుచ్చుకొని సాగు చేయుచుండిరి.

లగూనా మండలమున కలంబా అను గ్రామము కలదు. అచ్చట 1861వ సంవత్సరము జూన్ 19వ తేదీన రిజాలు జన్మించెను. మన రవీంద్రనాథ ఠాకూరు జన్మించినదియు ఆ సంవత్సరముననే. రిజాలు తండ్రి ఫ్రాన్సిస్కో మెర్కాడో. తల్లి తెయొడోరా అలొన్సో. వారి పదునొకండుగురు బిడ్డలలో ఇతడు ఏడవవాడు. మఠపు భూమిని కౌలునకు తీసికొని, వరియు చెరకును పండించుచు ఆ కుటుంబము కలిగినదిగానే జీవించుచుండెను.

రిజాలునకు తొలిగురువు తల్లియే. ఆమె విద్యావతి. ఒకనాటి రాత్రి కొబ్బరినూనె దీపము చెంత బాలుని కూర్చుండబెట్టుకొని, ఆమె ఒక కథ చదివి వినిపించుచుండెను. దీపము దగ్గరకు పోవలదని తల్లి శలభము హెచ్చరించినను వినక, పిల్ల శలభము మంటలోపడి మరణించిన కథ అది. పెద్దల మాట వినవలెనని ఆమె చెప్పదలచిన నీతి. కాని బాలుని కన్నులు పుస్తకముపై లేవు. ఎదుట దీపము చుట్టును తిరుగుచున్న నిజమైన పురుగులనే ఆతడు రెప్పవాల్పక చూచుచుండెను. వెలుగు అంత అందమైనదైనప్పుడు దానికొరకు మరణించుట నింద్యము కాదని తనకు తోచినట్లు పెద్దవాడైన తరువాత ఆతడు తన స్మృతులలో వ్రాసికొనెను.

ఆ కుటుంబమునకు త్వరలోనే కష్టములు ప్రాప్తించెను. 1871లో తల్లిపై అధికారులు విషప్రయోగ నేరము మోపి ఆమెను బంధించిరి. కలంబానుండి మండల ముఖ్యపట్టణమగు శాంతాక్రూజు వరకు ఆ గృహిణిని కాలినడకను తీసికొనిపోయిరి. నిర్దోషి అని విడుదల చేయుసరికి రెండున్నర సంవత్సరములు గడచెను. పదియేండ్ల బాలుని మనస్సున ఆ అన్యాయము చెరగని ముద్ర వేసెను. ఆ మరుసటి సంవత్సరము ఫిబ్రవరి 17వ తేదీన గోమెజ్, బుర్గోస్, జమోరా అను ముగ్గురు స్వదేశీయ మతగురువులను తిరుగుబాటుదారులని నెపము పెట్టి మనీలాలో బహిరంగముగా చంపిరి. రిజాలు అన్న పసియానో, బుర్గోస్ గురువునకు ఆంతరంగికుడు. అందుచేత మెర్కాడో అను ఇంటిపేరు అధికారుల అనుమానమునకు గురియైనది. తమ్ముని చదువునకు ఆటంకము రాకూడదని పసియానో ఆతనిని రిజాలు అను మరియొక ఇంటిపేరుతో పాఠశాలలో చేర్పించెను. లోకము నేడు ఎరిగిన పేరు అట్లు ఏర్పడినది.

మనీలాలోని అతెనేయో విద్యాలయమున రిజాలు అత్యున్నత శ్రేణిలో ఉత్తీర్ణుడై, 1877లో సాంతో తోమాసు విశ్వవిద్యాలయమున చేరెను. ఇంతలో తల్లికి కంటిచూపు మందగింపసాగెను. ఎట్లయినను తల్లికి చూపు తెప్పింపవలెనని రిజాలు వైద్యశాస్త్రమును చేపట్టెను. కాని అచ్చటి బోధన ఆతనికి తృప్తి నీయలేదు. ఐరోపాకు పోయి చదువవలెనని అన్నదమ్ములు నిశ్చయించుకొనిరి. ఆ నిశ్చయమునకు వైద్యవిద్యయే గాక మరియొక కారణమును కలదు. తమను ఏలుచున్న జాతి స్వస్థలమున ఎట్లు జీవించుచున్నదో, ఏ బలమువలన ఏలుచున్నదో కన్నులార చూచి తెలిసికొనవలెనని వారి సంకల్పము.

ఈ ప్రయాణము సంగతి తల్లిదండ్రులకు సైతము తెలియనీయలేదు. తెలిసిన వారు అడ్డుచెప్పుదురనియు, అధికారులు పసిగట్టుదురనియు భయము. 1882 మే నెల మొదటి తేదీ తెల్లవారుజామున పసియానో తమ్ముని నిద్రలేపి, 356 పెసోలు చేతికిచ్చెను. ఒక అక్క తన వజ్రపుటుంగరము నొసగెను. రిజాలు తల్లిదండ్రుల చేతులు ముద్దిడుకొని, ఎప్పటివలె మనీలాకు పోవుచున్నట్లే బయలుదేరెను. మే 3వ తేదీన ఓడ కదలెను. తల్లి కన్నులకొరకు పోవుచు, ఆ తల్లికే చెప్పకుండ పోవలసివచ్చినందులకు ఆతడు ఎంత బాధపడియుండునో ఊహించుకొనవచ్చును.

సింగపూరున ఓడ మారి, సింహళమునందలి కొలంబో మీదుగా, సూయజు కాలువ దాటి, ఫ్రాన్సు దేశపు రేవగు మార్సేల్సు చేరి, అచ్చటినుండి రైలుబండిలో జూన్ 16వ తేదీన బార్సిలోనా నగరమున అడుగిడెను. ఆ నగరముననే దేశభక్తిని గూర్చి ఒక వ్యాసము వ్రాసి మనీలా పత్రికకు పంపెను. ఇంటినుండి దూరముగా పోయిన కొలదియు స్వదేశముపై మమకారము పెరుగుట ఆ వ్యాసమున కనబడును. అప్పటికి ఆతని వయస్సు 21 సంవత్సరములు.

అనంతరము రాజధానియగు మాడ్రిడ్డు చేరి, 1882 నవంబరు 3వ తేదీన అచ్చటి కేంద్ర విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. నేడు మాడ్రిడ్డు కొంప్లుతెన్సే విశ్వవిద్యాలయమని ప్రసిద్ధికెక్కినది ఇదియే. ఒక్క శాఖతో తృప్తి చెందక, రిజాలు వైద్యశాస్త్రమునందును, తత్త్వసాహిత్య శాఖయందును ఒకేసారి చేరెను. గ్రీకు, లాటిను భాషలయందు కృషి చేసెను. విరామ సమయములలో సాన్ ఫెర్నాండో లలితకళాశాలకు పోయి చిత్రలేఖనమును, శిల్పమును అభ్యసించెను. కత్తిసామును నేర్చెను. ఫ్రెంచి, ఇంగ్లీషు, జర్మను భాషలకును కొంత సమయము కేటాయించెను.

ఆ దినములలో మాడ్రిడ్డునందు ఫిలిప్పైను విద్యార్థులు కొలదిమంది ఉండిరి. వారిలో కొందరు తల్లిదండ్రులు పంపిన ధనమును జూదములలో వెచ్చించుచుండిరి. రిజాలు మాత్రము ప్రతి కాసునకు లెక్క వ్రాసికొనెడివాడు. అద్దెగదులలో నివసించుచు, పాతపుస్తకముల అంగడిలో గ్రంథములను కొని, రాత్రులు చాలవరకు చదువునందే గడపుచుండెను. ఆతనికి ఉన్న ఒకేయొక దుబారా నెలకొక లాటరీచీటి కొనుట. అందులో వెంటనే అదృష్టము కలిసిరాలేదు. అమెరికాలో నీగ్రో బానిసల దుఃస్థితిని చిత్రించిన హారియట్ బీచర్ స్టో నవల ఆతని హృదయమును కదలించెను. తన దేశప్రజల కష్టములను గూర్చియు అట్టి గ్రంథ మొకటి వెలువడవలెనని ఆతడు తలచెను. 1884 జనవరిలో స్వదేశమిత్రుల సమావేశమున, అందరము కలిసి ఒక నవల వ్రాయుదమని సూచించెను. అందరును సమ్మతించిరి, కాని కలము పట్టినవారు లేరు. తుదకు ఆ భారమును ఒంటరిగా తానే వహించెను.

మాడ్రిడ్డు నగరము ఆతనికి నేర్పిన పాఠములన్నియు తరగతి గదులలోనివి కావు. అచ్చటి పత్రికలు మంత్రులను నిర్భయముగా విమర్శించుచుండెను. ఆచార్యులు తమకు తోచిన సిద్ధాంతములను బోధించుచుండిరి. శాసనసభలో అన్ని పక్షములవారును వాదించుచుండిరి. మనీలాలోనన్ననో ప్రభుత్వ పరీక్షకుని అనుమతి లేనిదే ఒక పుస్తకమును అచ్చువేయరాదు. ఆ శాసనసభలో ఫిలిప్పైను ప్రజలకు ఒక్క ప్రతినిధియు లేడు. ఒకే రాజు, ఒకే పతాకము. కాని మాడ్రిడ్డునందు హక్కుగా ఉన్నది మనీలాలో నేరమగుచున్నది. ఈ భేదము రిజాలు మనస్సున గాఢముగా నాటుకొనెను. స్పెయిను ప్రజలందరు దుష్టులు కారనియు, తన దేశమున సాగుచున్న అన్యాయమునకు మూలము వేరనియు ఆతడు గ్రహించెను. పాలకులపై ద్వేషము కంటె, తన ప్రజలకు విద్యయు, సమాన హక్కులును కావలెనను కోరిక ఆతనిలో బలపడెను.

ఇచ్చట ఆతడు చదువుచుండగా అచ్చట ఇంటివారు కష్టముల పాలగుచుండిరి. అనావృష్టిచేతను, మిడుతల దండులచేతను కలంబాలో పంటలు దెబ్బతినెను. మఠపు భూముల అధికారి తరచు రిజాలు తండ్రిని టర్కీకోళ్ళు కానుకగా అడుగుచుండెడివాడు. తెగులు సోకి కోళ్ళు చచ్చినందున తండ్రి ఒకమారు ఇయ్యలేకపోగా, ఆ అధికారి కోపించి కౌలు హెచ్చించెను. మాడ్రిడ్డునకు పంపు ధనము ఆలస్యము కాజొచ్చెను. కొన్ని మాసములలో అసలే రాకుండెను. ఒకతరి పసియానో, తమ్ముడు చిన్ననాడు ముద్దుగా పెంచుకొనిన పొట్టిగుఱ్ఱమును అమ్మి, ఆ సొమ్మును స్పెయినునకు పంపెను. తాను చదువు మానుకొని పొలముపని చూచుకొనుచు, తమ్ముని చదివించిన ఆ అన్న త్యాగము రిజాలు కీర్తికి పునాది అనవచ్చును.

1884 జూన్ 25వ తేదీ రిజాలు జీవితమున మరువరాని దినము. నాటి ఉదయము ఆతని కడ ఒక్క నాణెమైనను లేదు. ఏమియు తినకయే విశ్వవిద్యాలయమునకు పోయి, గ్రీకుభాషా పోటీపరీక్షలో పాల్గొని, ప్రథమ బహుమతిగా స్వర్ణపతకమును గెలుచుకొనెను. పతకము చేతనున్నది గాని, ఆకలి తీర్చుకొనుటకు కాసు లేదు. ఆ సంగతిని నాటి దినచర్యలో రెండు ముక్కలలో వ్రాసికొనెను. అదేరాత్రి నగరమున ఒక గొప్ప విందు జరిగెను. ఆ సంవత్సరము మాడ్రిడ్డున జరిగిన జాతీయ చిత్రకళా ప్రదర్శనమున ఫిలిప్పైను చిత్రకారులగు హువాన్ లూనా స్వర్ణపతకమును, ఫెలిక్సు హిడాల్గో రజతపతకమును పొందిరి. వారి గౌరవార్థము ఏర్పాటు చేయబడిన విందు అది. స్పెయిను ప్రముఖులు పలువురు విచ్చేసిరి. పగలెల్ల పస్తుండిన ఆ విద్యార్థి, రాత్రి ఆ సభలో లేచి ప్రసంగించెను. ప్రతిభకు దేశభేదము లేదనియు, వెలుతురువలె, గాలివలె అది సర్వజనుల సొత్తనియు చెప్పెను. తన దేశమున కొందరు మఠవాసుల సంకుచిత బుద్ధిని విమర్శించుటకును వెనుదీయలేదు. సభికులు మిక్కిలి హర్షించిరి.

కాని ఆ ప్రసంగము వార్త సముద్రము దాటి కలంబాకు చేరునప్పటికి హర్షము భయముగా మారెను. కుమారుడు ఇక స్వదేశమునకు రాజాలడేమో అను బెంగతో తల్లి జబ్బుపడెను. ఈ సంగతి పసియానో వ్రాసిన జాబువలన రిజాలునకు తెలిసెను. ఏ తల్లి వ్యాధిని మాన్పుటకై విదేశమునకు వచ్చెనో ఆ తల్లికే తనవలన వ్యాధి కలిగెనని ఆతడు ఎంతయు పరితపించెను. తల్లిని ఓదార్చుచు జాబులు వ్రాసెను. కాని సత్యమని నమ్మినదానిని విడువలేదు.

ఆ సంవత్సరము నవంబరు మాసమున విశ్వవిద్యాలయమున పెద్ద కలవరము చెలరేగెను. మిగుయెల్ మొరాయితా అను చరిత్రాచార్యుడు ప్రారంభోపన్యాసమున బోధనా స్వాతంత్ర్యమును సమర్థించెను. మతాధిపతులు దానిని ఖండించిరి. విద్యార్థులు ఆచార్యుని పక్షము వహించి వీథులలో ఊరేగగా, రక్షకభటులు వారిపై బడి కొట్టిరి. ఎందరో గాయపడిరి, ఎందరో చెరబట్టబడిరి. రిజాలును ఆ విద్యార్థులతో కలిసియుండెను. వేషము మార్చుకొని తప్పించుకొనవలసి వచ్చెను. స్వేచ్ఛ మాడ్రిడ్డునందును శ్రమ లేకుండ నిలుచునది కాదని ఆతనికి అప్పుడు తెలియవచ్చెను.

1884 జూన్ 21వ తేదీననే ఆతడు వైద్యశాస్త్రమున లైసెన్షియేటు పట్టమును పొందియుండెను. ఆ పరీక్షలో ఆతని శ్రేణి సామాన్యమైనదే. తత్త్వసాహిత్యములలో మాత్రము, తన 24వ జన్మదినమగు 1885 జూన్ 19వ తేదీన, అత్యుత్తమ శ్రేణిలో పట్టమందెను. వైద్యమున డాక్టరు పట్టమునకు వలసిన పాఠములను చదివెను గాని, సిద్ధాంతవ్యాసము సమర్పింపనందునను, రుసుము చెల్లింపనందునను ఆ పట్టము చేతికి రాలేదు. దానికై ఆతడు కాలము వెచ్చింపలేదు. ఆతనికి కావలసినది బిరుదము కాదు; కంటివైద్యమున నేర్పు. కావున పారిసు నగరమున వెకర్ అను ప్రసిద్ధ నేత్రవైద్యుని యొద్దను, జర్మనీలోని హైడెల్‌బర్గునందు బెకర్ అను ఆచార్యుని యొద్దను పనిచేసి నైపుణ్యము సంపాదించెను.

ఇన్ని పనుల నడుమ మాడ్రిడ్డున ప్రారంభించిన నవలను పారిసునందును, జర్మనీయందును కొనసాగించెను. బెర్లినులో చలికిని, ఆకలికిని ఓర్చి దానిని ముగించెను. మాక్సిమో వియోలా అను స్వదేశమిత్రుడు ఇచ్చిన అప్పుతో 1887 మార్చిలో రెండువేల ప్రతులు అచ్చయ్యెను. నోలి మె తాంజెరె అని దాని పేరు. ఫిలిప్పైను సమాజమునకు పట్టిన రోగములను వైద్యుడు చూపినట్లు విప్పి చూపిన గ్రంథము అది. పాలకుల దోషములనే గాక స్వజనుల దోషములను కూడ ఆతడు దాచలేదు.

అదే సంవత్సరము ఆగస్టులో రిజాలు స్వదేశమునకు వచ్చి కలంబాలో నేత్రవైద్యము ప్రారంభించెను. కాని నవలను ప్రభుత్వము నిషేధించెను. మఠపు భూముల కౌలుదారుల పక్షమున నిజస్థితిని ప్రభుత్వమునకు నివేదించుటకు ఆతడు తోడ్పడినందున శత్రువులు మరింత పెరిగిరి. ఇంటివారి క్షేమమునకై ఆరు మాసములకే మరల దేశము విడువవలసివచ్చెను. ఐరోపాలో నుండి 1891లో రెండవ నవలను వెలువరించి, ఉరిపాలైన వారివలె నిందపడి మరణించిన ఆ ముగ్గురు మతగురువులకు దానిని అంకితము చేసెను. ఇంతలో కలంబాలో ఆతని కుటుంబమును, అనేకమంది కౌలుదారులను ఇండ్లనుండి వెడలగొట్టిరి. ఆతడు హాంకాంగు చేరి తల్లిదండ్రులను రప్పించుకొని, తల్లి కంటికి శస్త్రచికిత్స చేసి చూపు తెప్పించెను. పది సంవత్సరముల క్రిందట చెప్పకుండ ఇల్లు విడిచిన కుమారుడు తన ప్రతిజ్ఞను అట్లు చెల్లించుకొనెను.

హాంకాంగులో ఆతనికి ఆదాయము కలదు, భయము లేదు. అయినను తనవారు తనకొరకు బాధపడుచుండగా తాను క్షేమముగా ఉండరాదని, మిత్రులు వలదన్నను వినక, 1892 జూన్‌లో మనీలాకు వచ్చెను. కొలది దినములకే ప్రభుత్వము ఆతనిని బంధించి, దపితాన్ అను మారుమూల పట్టణమునకు పంపివేసెను. విచిత్రమేమన, మాడ్రిడ్డున ఎన్నడును కలిసిరాని లాటరీ అచ్చట కలిసివచ్చి, ఆతని వంతునకు 6,200 పెసోలు లభించెను. దానిలో కొంత తండ్రికి పంపి, సముద్రతీరమున భూమి కొనెను. అచ్చట బాలురకు పాఠశాల పెట్టెను. పేదలకు ఉచితముగా వైద్యము చేసెను. పట్టణమునకు మంచినీటి వసతి కల్పించెను. ఐరోపాలో నేర్చిన విద్యలన్నియు ఆ చిన్నపట్టణమున నాలుగేండ్లపాటు ప్రజలకు ఉపయోగపడెను.

1896 ఆగస్టులో ఫిలిప్పైను ప్రజలు ఆయుధములు పట్టిరి. సమయము రాని తిరుగుబాటు వలదని రిజాలు అంతకుముందే చెప్పియుండెను. అయినను ప్రభుత్వము ఆతనినే మూలపురుషునిగా భావించి విచారణ జరిపెను. తమ్మునిపై సాక్ష్యము చెప్పుమని పసియానోను చిత్రహింసలు పెట్టిరి. ఆ అన్న ఎంతటి బాధకును లొంగక, కాగితముపై చేవ్రాలు చేయ నిరాకరించెను. మరణదండన విధింపబడిన పిమ్మట రిజాలు ఒక వీడ్కోలు గీతము రచించి, చిన్న పొయ్యిలో దాచి చెల్లెలికి అందజేసెను. 1896 డిసెంబరు 30వ తేదీ ఉదయము మనీలాలో సైనికులు ఆతనిని కాల్చి చంపిరి. అప్పటికి ఆతనికి 35 సంవత్సరములు.

రెండేండ్లలోనే, 1898లో, స్పెయిను పాలన అంతరించెను. పిదప అమెరికా పాలనకు లోబడి, తుదకు 1946లో ఆ దేశము స్వతంత్రమయ్యెను. ప్రతి సంవత్సరము డిసెంబరు 30వ తేదీని ఫిలిప్పైను ప్రజలు రిజాలు దినముగా పాటింతురు. 1956లో చేయబడిన శాసనము ననుసరించి ఆ దేశ విద్యార్థులందరు ఆతని గ్రంథములను చదువుదురు. ఆతడు ఆకలితో పరీక్షకు కూర్చుండిన మాడ్రిడ్డు నగరమునందును 1996లో ఆతనికి స్మారకచిహ్నము నెలకొల్పబడెను. ఏ దేశపు పాలకులు ఆతనిని చంపించిరో ఆ దేశమే తన పూర్వవిద్యార్థిని అట్లు గౌరవించెను.

విదేశ విద్య రిజాలునకు బంధువులను మరపింపలేదు, దేశమును మరపింపలేదు. అన్న అమ్మిన పొట్టిగుఱ్ఱమును, తల్లి కార్చిన కన్నీటిని ఆతడు ఎన్నడును మరువలేదు. ఒకనాడు దీపము చెంత కూర్చుండి వెలుగునకై మరణించిన పురుగులను చూచిన బాలుడు, తన జాతికి వెలుగు తెచ్చుటకై తానే ప్రాణములు అర్పించెను. విద్య ఎంత దూరమున ఆర్జించినను, అది తనను పంపినవారికి చెందవలసిన ధనమని ఆతని జీవితము చాటుచున్నది.